మందుల షాపు నారింజ బిళ్ల: పరుగుకీ, మునకకీ ఒకే లెక్కా?

తెల్లవారుజామున అయిదింటికి బరంపురం నుంచి గోపాలపూర్ వెళ్లే రోడ్డెక్కితే, మసక చీకట్లో పరుగెత్తే కుర్రాళ్లు గుంపులు గుంపులుగా ఎదురవుతారు. కొందరిది ఆర్మీ కల, కొందరిది పోలీసు ఉద్యోగం కల. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ గది అద్దెకి తీసుకున్నవాళ్లూ వాళ్లలో ఉంటారు. మాట తెలుగులో మొదలై ఒడియాలో ముగుస్తుంది. 1600 మీటర్ల పరుగులో నాలుగు సెకన్లు ఎలా తగ్గించాలన్నదే అందరి టెన్షన్.

ఆ గుంపులో మా వీధి కుర్రాడొకడు ఉన్నాడు. ఈమధ్య ఓ పొద్దున ఆగి, జేబులోంచి రెండు స్ట్రిప్పులు తీసి చూపించాడు. ఒకటి చప్పరించే నారింజ రంగు విటమిన్ సి బిళ్లలు, 500 మిల్లీగ్రాములవి. రెండోది విటమిన్ ఇ, 400 అని రాసి ఉండే ఆకుపచ్చ క్యాప్సూళ్లు. "అన్నా, ఇవి వేసుకుంటే దమ్ము పెరుగుతాదంట కదా, నిజమేనా?" అన్నాడు. వాళ్ల మావయ్య కొడుకు అండమాన్‌లో ఓ డైవింగ్ సెంటర్‌లో పని చేస్తాడట. నీళ్లలోకి దిగే ముందు అతనూ ఇవే వేసుకుంటాడట. ఇద్దరికీ పనికొస్తుందన్న నమ్మకంతో ఒకే షాపులో, ఒకేసారి కొన్నారు.

బిళ్లలు ఒకటే. కానీ పరుగెత్తేవాడి ఒంట్లో అవి ఎదుర్కొనే ప్రశ్న వేరు, మునిగేవాడి ఒంట్లో ఎదుర్కొనేది వేరు. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే ప్రకటనల్లో "ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ని జయించండి" అనే ఒక్క వాక్యం అందరికీ సరిపోయినట్టు కనిపిస్తుంది.

జంట తప్పిన ఎలక్ట్రాన్

ముందు మాటలు తేల్చుకుందాం. అణువుల్లో ఎలక్ట్రాన్లు మామూలుగా జంటలుగా ఉంటాయి. ఏదైనా కారణం వల్ల ఒక ఎలక్ట్రాన్ ఒంటరిగా మిగిలితే ఆ అణువుకి నిలకడ ఉండదు. పక్కదాని దగ్గర ఒకటి లాక్కుంటుంది. ఇప్పుడు పక్కది ఒంటరిదవుతుంది, అది ఇంకోదాని మీద పడుతుంది. ఇలా ఒంటరి ఎలక్ట్రాన్‌తో తిరిగే అణువే ఫ్రీ రాడికల్. మన ఒంట్లో వీటిలో ఎక్కువ భాగం ఆక్సిజన్ నుంచి పుడతాయి. బతకడానికి పీల్చే గాలే ఈ గొడవకీ మూలం.

యాంటీ ఆక్సిడెంట్ అంటే ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేసి కూడా తాను చెడిపోకుండా ఉండగలిగేది. గొలుసు అక్కడితో తెగుతుంది. ఫ్రీ రాడికల్స్ ఇలా అదుపు చేయగలిగిన దానికి మించిపోతే అదే ఆక్సిడేటివ్ స్ట్రెస్. విటమిన్ సి నీళ్లలో కరుగుతుంది కాబట్టి రక్తంలో, కణం లోపలి ద్రవంలో పని చేస్తుంది. విటమిన్ ఇ కొవ్వులో కరుగుతుంది కాబట్టి కణాల పైపొరలో కూర్చుంటుంది. ఇ తన ఎలక్ట్రాన్ ఇచ్చేసి నీరసిస్తే సి వచ్చి దాన్ని మళ్లీ నిలబెడుతుంది. రెండూ కలిపి అమ్మడానికి కారణం అదే.

ప్రకటనల్లో పెద్దగా కనిపించని సంగతి ఒకటుంది. ఒంట్లో యాంటీ ఆక్సిడెంట్ పనిలో ఎక్కువ భాగం చేసేది మనం మింగే విటమిన్లు కాదు, ఒళ్లు తనంతట తాను తయారుచేసుకునే ఎంజైములు. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అని వాటికి నోరు తిరగని పేర్లు. క్రమం తప్పకుండా పరుగెత్తేవాళ్లలో వీటి బలం పెరుగుతుంది.

ఫ్రీ రాడికల్స్ పని పాడుచేయడం ఒక్కటే అనుకోవడం కూడా తప్పే. తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవుల్ని చంపేది వీటితోనే.

1982 నాటి ఎలుకలు, అప్పటి తర్కం

పరుగుకీ ఫ్రీ రాడికల్స్‌కీ సంబంధం ఉందని నేరుగా చూపించింది 1982లో కాలిఫోర్నియాలో చేసిన ఒక ప్రయోగం. ఎలుకల్ని సొమ్మసిల్లేదాకా పరుగెత్తించి కండరం, కాలేయం పరీక్షిస్తే ఫ్రీ రాడికల్ సంకేతం రెండు మూడు రెట్లు పెరిగింది. అప్పటికే, 1956లో, డెన్హమ్ హార్మన్ అనే శాస్త్రవేత్త ముసలితనానికి మూలం ఫ్రీ రాడికల్సే అని సిద్ధాంతం చేసి ఉన్నాడు. 1970 నుంచి లైనస్ పాలింగ్, రెండు నోబెల్ బహుమతులు గెలుచుకున్న మనిషి, విటమిన్ సి ని గ్రాముల లెక్కన తీసుకోమని చెబుతున్నాడు.

ఈ మూడూ కలిస్తే తర్కం దానంతటదే తయారవుతుంది. పరుగెత్తితే ఫ్రీ రాడికల్స్ పుడతాయి, అవి చెడ్డవి, విటమిన్లు వాటిని ఆర్పుతాయి, కాబట్టి పరుగెత్తేవాడు విటమిన్లు వేసుకోవాలి. ఇందులో మెట్లన్నీ సరిగ్గానే కనిపిస్తాయి. తేడా రెండో మెట్టులో ఉంది.

తుఫాను రాకపోతే షెల్టర్ కట్టేవాళ్లా?

1999 అక్టోబర్‌లో గంజాం తీరానికి ఒక తుఫాను వచ్చింది, పది పన్నెండు రోజుల్లోనే పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్ తాకింది. ఒడిశాలో దాదాపు పదివేల మంది పోయారు. ఆ తర్వాతే విపత్తుల కోసం ప్రత్యేక సంస్థ, తీరం పొడవునా షెల్టర్లు, ఊరూరా హెచ్చరిక ఏర్పాట్లు వచ్చాయి. 2013 అక్టోబర్ 12న పైలిన్ సరిగ్గా గోపాలపూర్ దగ్గరే తీరం దాటినప్పుడు లక్షల మందిని ముందే తరలించారు. ఇళ్లు, తోటలు పోయాయి కానీ చావులు పదుల్లోనే ఆగాయి.

కండరంలో జరిగేది కొంతవరకు ఇలాంటిదే. వ్యాయామం చేసినప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్స్ కొంత పాడుచేస్తాయి. అదే సమయంలో, "ఇక్కడ ఒత్తిడి పడింది, ఏర్పాట్లు పెంచండి" అని కబురు కూడా మోస్తాయి. ఆ కబురు అందుకునే వాటిలో ముఖ్యమైనది పీజీసీ-1 ఆల్ఫా అనే ప్రొటీన్. అది మేలుకుంటే కణంలో కొత్త మైటోకాండ్రియా తయారవుతాయి. మైటోకాండ్రియా అంటే తిన్నదాన్ని ఆక్సిజన్ సాయంతో శక్తిగా మార్చే చోటు. మన కుర్రాళ్లు దమ్ము అనేదాంట్లో పెద్ద వాటా వీటి సంఖ్యది, సత్తాది. ఒంటి సొంత ఎంజైముల్ని పెంచమనే కబురు కూడా ఈ దారిలోనే వెళ్తుంది.

మరి కబురు మోసేదాన్ని రోజూ మాత్రతో ఆర్పేస్తే?

2009లో జర్మనీ పరిశోధకులు ఈ ప్రశ్నని మనుషుల మీదే పరీక్షించారు. దాదాపు 40 మంది యువకులతో నాలుగు వారాల పాటు, వారానికి అయిదు రోజులు, రోజుకి 85 నిమిషాలు వ్యాయామం చేయించారు. సగం మందికి రోజుకి 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. మా వీధి కుర్రాడి జేబులో ఉన్న లెక్క సరిగ్గా ఇదే: రెండు నారింజ బిళ్లలు, ఒక ఆకుపచ్చ క్యాప్సూల్. విటమిన్లు వేసుకోనివాళ్లలో వ్యాయామం వల్ల ఇన్సులిన్ పనితీరు మెరుగైంది. వేసుకున్నవాళ్లలో ఆ మెరుగుదల కనబడలేదు. ఒంటి సొంత ఎంజైముల జన్యువులు కూడా వాళ్లలో అంతగా మేలుకోలేదు.

వ్యాయామం తాలూకు ఒక లాభాన్ని ఆరోగ్యం కోసం వేసుకున్న బిళ్లే తినేసిందన్నమాట. ఆ వార్త అప్పట్లో చాలామందికి మింగుడు పడలేదు.

అయితే దమ్ము నిజంగా తగ్గుతుందా

ఇక్కడ జాగ్రత్తగా నడవాలి. ఇన్సులిన్ పనితీరు వేరు, స్టాప్‌వాచ్ వేరు.

2008లో స్పెయిన్‌లోని వాలెన్సియా పరిశోధకులు ఎలుకల్ని రెండు జట్లుగా చేసి శిక్షణ ఇచ్చారు. విటమిన్ సి లేని జట్టు అలసిపోయేదాకా పరుగెత్తగలిగే సమయం శిక్షణ తర్వాత దాదాపు 187 శాతం పెరిగింది. విటమిన్ సి తీసుకున్న జట్టులో పెరిగింది 26 శాతం చిల్లర. ఈ అంకెలు చూసి "విటమిన్ సి దమ్ముని చంపేస్తుంది" అని రాసినవాళ్లు చాలామంది. అదే పరిశోధనలో 14 మంది మగవాళ్ల మీద కూడా పరీక్ష చేశారు. గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలరు అనే కొలత, వీవోటూ మ్యాక్స్ అంటారు దాన్ని, ఆ కొలతలో రెండు జట్ల మధ్య గట్టిగా చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. సి లేనివాళ్ల పెరుగుదల ఎక్కువగానే కనిపించింది. కానీ అంత చిన్న జట్టులో అది కాకతాళీయమూ కావచ్చు.

2014లో నార్వే వాళ్లు ఇంకొంచెం పెద్దగా చేశారు. ఆడా మగా కలిపి 54 మంది, పదకొండు వారాలు, 1000 మిల్లీగ్రాముల సి, 235 మిల్లీగ్రాముల ఇ. వచ్చిన ఫలితం రెండు వాదాల వాళ్లకీ పనికొచ్చేలా ఉంది. వీవోటూ మ్యాక్స్ రెండు జట్లలోనూ దాదాపు ఎనిమిది శాతం పెరిగింది. పరుగు పరీక్షలోనూ తేడా లేదు. కండరం ముక్క తీసి చూస్తే మాత్రం మైటోకాండ్రియా పెరుగుదలని సూచించే గుర్తులు విటమిన్లు వేసుకోనివాళ్లలో పెరిగాయి, వేసుకున్నవాళ్లలో పెరగలేదు.

ఒక వర్గం అనేది ఇది: "స్టాప్‌వాచ్‌లో కనబడని నష్టం నష్టమే కాదు. పదకొండు వారాలు వేసుకున్నా దమ్ము పెరిగింది కదా." ఇదే తరహాలో 12 వారాలు చేసిన మరో పరీక్షలో విటమిన్ల వల్ల శిక్షణకి ఏ అడ్డూ కనిపించలేదు కూడా. రెండో వర్గం సమాధానం: "పునాది లోపల తక్కువ పడుతోందని కళ్లతో చూశాం. మూడు నెలల్లో బయటపడని తేడా మూడేళ్లలో బయటపడొచ్చు." రెండిటిలోనూ బలం ఉంది. నాకు రెండో వాదం వైపు కొంచెం మొగ్గు. దానికి కారణం ఆ వాదం గొప్పతనం కన్నా, మొదటి వాదంలోనూ లాభం ఎక్కడా లేకపోవడం. ఒక పక్షం "తగ్గవచ్చు" అంటోంది, రెండో పక్షం "తగ్గదు" అంటోంది. ఈ అధ్యయనాల్లో "పెరుగుతుంది" అని తేల్చింది ఒక్కటీ లేదు. షాపులో డబ్బులు పెట్టి కొనేది మాత్రం పెరుగుతుందనే.

ఇందులో ఇంకో చిన్న మెలిక. చాలాకాలం కండరంలో పుట్టే ఫ్రీ రాడికల్స్‌కి మైటోకాండ్రియానే నిందించారు, అక్కడి నుంచి ఎలక్ట్రాన్లు "కారిపోతున్నాయి" అని. ఇప్పుడు చాలామంది పరిశోధకుల చూపు, వ్యాయామం చేసేటప్పుడు ముఖ్యమైన మూలం కండరంలోనే ఉండే ఒక ఎంజైము అనే వైపు తిరిగింది. పనిగట్టుకుని ఫ్రీ రాడికల్స్ తయారుచేసే ఎంజైమే ఒంట్లో ఉందంటే, అవి ప్రమాదవశాత్తూ పుట్టిన చెత్త అనే మాట నిలబడదు.

ఒళ్లు నొప్పుల సంగతి రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. పరుగు తర్వాత రెండో రోజు వచ్చే కండరాల నొప్పికి యాంటీ ఆక్సిడెంట్లు పని చేస్తాయా అని 2017లో కొక్రేన్ సంస్థ 50 అధ్యయనాలు కలిపి చూసింది. మనిషికి తెలిసొచ్చేంత ఉపశమనం కనబడలేదు.

జలుబు దగ్గర మాత్రం బిళ్లకి మార్కులు పడ్డాయి

సమీక్షలన్నీ ఒకే దిక్కుకి పోవు. మామూలు జనం రోజూ విటమిన్ సి తీసుకుంటే జలుబులు రావడం తగ్గదని కొక్రేన్ సమీక్ష తేల్చింది. కానీ మారథాన్ పరుగువాళ్లు, మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్లు, చలిలో కఠిన శిక్షణ తీసుకునే సైనికులు, మొత్తం 598 మంది మీద చేసిన అయిదు పరీక్షల్లో జలుబు వచ్చే అవకాశం దాదాపు సగానికి తగ్గింది. దక్షిణాఫ్రికాలో 90 కిలోమీటర్ల పరుగుకి దిగినవాళ్లకి మూడు వారాల పాటు రోజుకి 600 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 68 శాతం మందికి పరుగు తర్వాత గొంతు, ముక్కు ఇబ్బందులొచ్చాయి. విటమిన్ సి వేసుకున్నవాళ్లలో 33 శాతం మందికే వచ్చాయి.

దీన్ని మన 1600 మీటర్ల పరుగుకి ఎంతవరకు వర్తింపజేయొచ్చు? 90 కిలోమీటర్లు పరుగెత్తడం, మంచులో సైనిక శిక్షణ, ఇవి ఒంటిని పిండేసే పనులు. పొద్దున్నే అరగంట, ముప్పావుగంట పరుగు ఆ కోవలోకి రాదు. పగలు ఇటుకల పని చేసి, రాత్రి నాలుగ్గంటలే పడుకుని, తెల్లారి పది కిలోమీటర్లు పరుగెత్తేవాడు వస్తాడేమో. అలాంటివాళ్లు ఆ రోడ్డు మీద ఉన్నారు.

అంటే, పరీక్షకి అయిదు నెలల ముందు కుర్రాడికి కావలసింది మైటోకాండ్రియా పెరగడం. అప్పుడు పెద్ద మోతాదు బిళ్ల అడ్డుపడవచ్చు, లాభం మాత్రం కనబడలేదు. పరీక్షకి ముందు చివరి పది రోజుల్లో కొత్తగా పెరిగేదేమీ పెద్దగా ఉండదు. ఆరోజుకి జలుబు లేకుండా ఉండడమే లెక్క. పరిశోధకుల్లోనూ ఈ తేడాని నొక్కి చెప్పేవాళ్లున్నారు, శిక్షణ కాలం వేరు, పోటీ కాలం వేరు అని.

నీళ్ల కింద లెక్క మారుతుంది

ఇప్పుడు అండమాన్ బావ దగ్గరికి వద్దాం.

సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకీ ఒక వాతావరణం ఒత్తిడి అదనంగా పడుతుంది. ఒడ్డున ఒకటి, పది మీటర్ల దగ్గర రెండు, ముప్పై మీటర్ల దగ్గర నాలుగు. సిలిండర్‌లో ఉన్నది మామూలు గాలే అయినా, అందులో 21 శాతం ఆక్సిజనే అయినా, ముప్పై మీటర్ల దగ్గర ఆ గాలి నాలుగు రెట్లు చిక్కబడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. 21ని నాలుగుతో గుణిస్తే 84. ఒడ్డున కూర్చుని 84 శాతం ఆక్సిజన్ పీలిస్తే ఎంతో అంత. ఆస్పత్రిలో మాస్క్ పెట్టుకున్నట్టే, కాకపోతే ఈదుతూ.

ఆక్సిజన్ ఎక్కువైతే విషమని కొత్తగా తెలిసింది కాదు. ఒత్తిడి పెంచిన ఆక్సిజన్ మూర్ఛలు తెప్పిస్తుందని 1878లోనే పాల్ బెర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త రాశాడు. ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుందని 1899లో లొరైన్ స్మిత్ చూపించాడు. అది ఎలా జరుగుతుందన్న వివరణలో ఫ్రీ రాడికల్స్ తర్వాత వచ్చి చేరాయి.

దీని పక్కనే ఇంకో ప్రమాదం ఉంది, దాని దారి వేరు. లోతులో నైట్రజన్ రక్తంలో, కండలో ఎక్కువగా కరుగుతుంది. గబగబా పైకొస్తే, సోడా సీసా మూత తీసినప్పటిలా బుడగలు కడుతుంది. కీళ్ల నొప్పుల నుంచి పక్షవాతం దాకా తెచ్చే డీకంప్రెషన్ జబ్బు ఇదే. ఎంత లోతులో ఎంతసేపుంటే పైకి రావడానికి ఎక్కడ ఎంతసేపు ఆగాలో 1908లో హాల్డేన్ అనే శాస్త్రవేత్త పట్టికలు వేశాడు. డైవర్లు చేతికి కట్టుకునే కంప్యూటర్లు చేసేదీ ఆ లెక్కకి వారసత్వమే.

ఈ రెండూ కలిసేది రక్తనాళాల లోపలి పొర దగ్గర. మునక తర్వాత, బుడగల వల్ల ఏ జబ్బూ రాకపోయినా, రక్తనాళాలు అవసరానికి తగ్గట్టు వ్యాకోచించే గుణం కొంతసేపు మందగిస్తుందని కొలిచి చూశారు. నాళాన్ని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ని ఫ్రీ రాడికల్స్ మింగేయడం ఇందుకు ఒక కారణమని అనుమానం. 2007లో క్రొయేషియా పరిశోధకులు, కొద్దిమంది అనుభవజ్ఞులైన డైవర్ల మీద, 30 మీటర్ల మునకకి ముందు విటమిన్ సి, ఇ ఇచ్చి చూశారు. నాళాల మందగింపు కొంత తగ్గింది. తర్వాత బెల్జియం వాళ్లు మునకకి గంటన్నర ముందు 30 గ్రాముల నల్ల చాక్లెట్ పెట్టి అలాంటి ఫలితమే చూపించారు. చాక్లెట్ అన్నానని పిల్లల చాక్లెట్ అనుకోవద్దు, కోకో బాగా ఎక్కువగా ఉండే చేదు రకం అది.

ఇక్కడ పరుగువాడి సమస్య తలకిందులవుతోంది. పరుగెత్తేవాడికి ఆ ఒత్తిడే ఎదుగుదల, అతను దాన్ని వెతుక్కుంటూ వెళ్తున్నాడు. సిలిండర్‌తో దిగేవాడు మరో ముప్పై మునకలు చేసి రక్తనాళాల్ని "బలపరుచుకోవాలి" అని దిగడం లేదు. అతనిది పని. పడే దెబ్బ తక్కువగా పడితే చాలు. కాబట్టి అప్పటికప్పుడు, మునకకి ముందు, అనే లెక్కకి డైవర్ విషయంలో అర్థముంది.

దాని మీద రెండు అడ్డుగీతలు గీయాలి. మొదటిది, కొలిచింది నాళం వ్యాకోచాన్ని. డీకంప్రెషన్ జబ్బు వచ్చిందా లేదా అన్నది ఆ పరీక్షలు తేల్చలేదు, తేల్చేంత పెద్దవీ కావు. విటమిన్ బిళ్ల నైట్రజన్‌ని కరగకుండా ఆపదు. "వేసుకున్నాను కాబట్టి అయిదు నిమిషాలు ఎక్కువుంటాను" అనుకునే డైవర్ ఆ పరీక్షల్లో లేని మాటని వాటి నోట్లో పెడుతున్నాడు. రెండోది, డీకంప్రెషన్ జబ్బు వస్తే ఇచ్చే మొదటి వైద్యం నూరు శాతం ఆక్సిజన్, ఆ తర్వాత ఒత్తిడి గదిలో పెట్టి మళ్లీ ఆక్సిజన్. ఫ్రీ రాడికల్స్‌కి పుట్టిల్లయిన ఆక్సిజనే మందు అక్కడ.

ఊపిరి బిగబట్టి దూకేవాళ్ల సంగతి

గోపాలపూర్ తీరంలో తెలుగు మాట్లాడే మత్స్యకారుల్ని ఒడియావాళ్లు నోలియాలంటారు. స్నానానికి దిగినవాళ్లు కొట్టుకుపోతే దూకేది వీళ్లే. ఇంజిన్ ఫ్యాన్‌కి వల చుట్టుకుంటే కత్తి పళ్లతో పట్టుకుని కిందకి వెళ్లేదీ వీళ్లే. సిలిండర్ ఉండదు. అంటే వీళ్లకి పడే దెబ్బ ఆక్సిజన్ ఎక్కువై కాదు, ముందు తగ్గి, పైకి రాగానే ఒక్కసారిగా తిరిగి రావడం వల్ల. గుండెపోటులో మూసుకుపోయిన నాళాన్ని తెరిచినప్పుడు డాక్టర్లు భయపడేదీ ఇలాంటి ఆక్సిజన్ వెల్లువకే.

సీళ్లు ఈ పని బతుకంతా చేస్తాయి. వాటి కండరాల్లో, గుండెలో గ్లూటాథయోన్ లాంటి రక్షణ నేల జంతువుల కంటే చాలా ఎక్కువగా ఉంటుందని కొలిచారు. మనుషుల్లోనూ, ఏళ్ల తరబడి ఊపిరి బిగబట్టి మునిగిన వాళ్లలో ఆ తరువాత కనిపించే ఆక్సిడేటివ్ ఒత్తిడి మామూలు మనుషుల కంటే తక్కువగా ఉందని ఫ్రాన్స్ పరిశోధకులు చూశారు. చిన్నప్పటి నుంచి అలల్లో పెరిగిన నోలియా తాత పరుగువాడి లెక్కలోకే వస్తాడు, స్కూబా డైవర్ లెక్కలోకి రాడు. అలవాటే అతని ఎంజైములు పెంచింది.

వెయ్యి మిల్లీగ్రాములు వేసుకుంటే ఎంత నిలుస్తుంది

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం రోజుకి కావలసిన విటమిన్ సి మగవాళ్లకి 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకి 65. రెండు నారింజ బిళ్లలంటే మగవాడి అవసరానికి పన్నెండున్నర రెట్లు. కానీ రక్తంలో అది పన్నెండు రెట్లు పెరగదు. 200 మిల్లీగ్రాములు మింగితే దాదాపు అంతా లోపలికి వెళ్తుంది, రక్తం ఇంచుమించు నిండిపోతుంది. వెయ్యి మింగితే సగమో అంతకంటే తక్కువో పేగు పీల్చుకుంటుంది, పీల్చుకున్న దాంట్లోనూ మిగిలింది మూత్రంలో పోతుంది. మిగతాది పేగుల్లో ఉండి, మోతాదు పెరిగితే విరేచనాలు తెస్తుంది. పరుగు రోజు అది పెద్ద మోసమే.

"పోతే పోనీ, ఎక్కువైంది బయటికే కదా" అనేది ఎక్కువగా వినే మాట. బయటికి పోయే దారి మూత్రపిండాలే. విటమిన్ సి లో కొంత ఒంట్లో ఆక్సలేట్‌గా మారుతుంది, కిడ్నీ రాళ్లలో ఎక్కువగా కనిపించే పదార్థం అది. 2013లో స్వీడన్‌లో దాదాపు 23 వేల మంది మగవాళ్లని గమనించిన అధ్యయనంలో, విటమిన్ సి బిళ్లలు వాడేవాళ్లలో రాళ్లు రావడం వాడనివాళ్ల కంటే సుమారు రెట్టింపు కనిపించింది. గమనించి చూసిన అధ్యయనం కాబట్టి బిళ్లే కారణమని ఖాయంగా అనలేం. ముందే దెబ్బతిన్న కిడ్నీల్లో పెద్ద మోతాదు విటమిన్ సి ఆక్సలేట్ పేరుకునేలా చేసి ఇంకా పాడుచేసిన కేసులు మాత్రం వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఈ పేరా వేరే ఊరి పాఠకుడికైతే ఒక హెచ్చరికగా రాసి వదిలేసేవాణ్ని. మన సరిహద్దు దాటగానే ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస ఊళ్లలో కారణం తేలని కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి ఇంటింటినీ పీడిస్తోంది. ఆ జబ్బుకీ ఈ బిళ్లలకీ ముడి పెట్టడం లేదు. కానీ ఆ ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ పరుగెత్తే కుర్రాళ్లలో, కిడ్నీ మెల్లగా దెబ్బతింటున్న సంగతి ఇంకా తెలియనివాళ్లు ఉండవచ్చు. ఆ జబ్బు మొదట్లో పైకి చెప్పదు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు తక్కువ తాగి, నొప్పికి మాత్రలు మింగి, పైన రోజుకో గ్రాము విటమిన్ సి. "హాని లేనిది" అన్న మాట అందరికీ ఒకేలా వర్తించదు.

విటమిన్ ఇ మీద ఉన్న ఆధారాలు ఇంకా పెద్దవి. అమెరికాలో 35 వేలకి పైగా మగవాళ్ల మీద చేసిన పరీక్షలో, రోజుకి 400 యూనిట్లు వేసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ కనిపించిందని 2011లో ప్రకటించారు. ఇదే కుటుంబంలోని బీటా కెరోటిన్‌ది ఇంకా చేదు కథ. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్లకి క్యాన్సర్ తగ్గుతుందని ఇస్తే, ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. 1994లో బయటపడింది. వాళ్లు నడివయసు దాటినవాళ్లు, ఏళ్ల తరబడి మింగినవాళ్లు. ఇరవై ఏళ్ల కుర్రాడు రెండు నెలలు వేసుకుంటే అదే జరుగుతుందని చెప్పడానికి ఈ అంకెలు వాడకూడదు. విటమిన్ కాబట్టి ఎంతైనా ఫర్వాలేదు అనే ధీమాకి మాత్రం ఇవి చాలు.

జామకాయ ఎందుకు అడ్డుపడదు

వంద గ్రాముల జామకాయలో సుమారు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. అంటే ఒక మోస్తరు కాయతో రక్తం నిండే మోతాదు వచ్చేస్తుంది. ఉసిరి సరేసరి. ఎండాకాలంలో గింజ తీసుకుని పారబోసే జీడిమామిడి పండులో కూడా నారింజ కంటే చాలా ఎక్కువ ఉంటుంది. గంజాంలోనూ ఉద్దానంలోనూ తోటల కింద కుళ్లిపోయేది అదే.

పండు తింటే శిక్షణకి అడ్డు రాదా అని అడగొచ్చు, అడగాల్సిన ప్రశ్నే. పైన చెప్పిన పరీక్షల్లో ఇబ్బంది కనిపించింది గ్రాము మోతాదుల్లో, ఇ తో కలిపి, రోజూ వేసినప్పుడు. పళ్లు, ఆకుకూరలు మామూలుగా తినడం వల్ల శిక్షణ ఫలితం తగ్గినట్టు ఆధారం లేదు. నిజానికి తిండి బొత్తిగా చాలనివాడి లెక్క వేరు. పఖాళొ, అంటే మన చద్దన్నమే, ఉప్పూ మిరపకాయతో తిని పరుగెత్తేవాడి ఒంట్లో విటమిన్ సి నిజంగా తక్కువై ఉంటే, చిన్న మోతాదు బిళ్ల కూడా మేలే చేస్తుంది. ఈ వాదమంతా కడుపు నిండినవాడి మీద అదనంగా వేసేదాని గురించి.

పరుగెత్తే అమ్మాయిల విషయంలో ఒక మినహాయింపు చెప్పుకోవాలి. రక్తహీనత ఉన్నవాళ్లకి ఆయాసం ఊరికే వస్తుంది. చోళ్లు, ఆకుకూరల్లోని ఇనుముని ఒళ్లు సరిగా పీల్చుకోదు, దాంతోపాటు విటమిన్ సి ఉంటే బాగా పీల్చుకుంటుంది. తోటకూరలో పిండిన నిమ్మచెక్క వాళ్ల దమ్ముకి చేసే మేలుకి ఫ్రీ రాడికల్స్‌తో సంబంధమే లేదు.

కుర్రాడికి ఇదంతా రోడ్డు పక్కన నిలబడి చెప్పడానికి పావుగంట పట్టింది. సగం విన్నాక "అంటే బావ వేసుకోవచ్చు, నేను వద్దు, అంతేనా?" అన్నాడు. బావది కూడా ఇంకా తేలని లెక్కే, అతని ప్రాణం మాత్రం చేతికున్న కంప్యూటర్ మీద ఆధారపడి ఉంది అన్నాను. నారింజ బిళ్లలు తమ్ముడు పుల్లగా ఉన్నాయని చప్పరించేస్తున్నాడట, వాడి చేతికి అందకుండా పెట్టమన్నాను. ఆకుపచ్చ క్యాప్సూళ్లు వాళ్లక్క అప్పటికే పట్టుకుపోయి ముఖానికి రాసుకుంటోంది. దాని మీద ఇంకో వ్యాసం రాయాలి.